మర్దన చేసే గదిలో పాట పెట్టాలా, వద్దా?

ప్రశ్న: మహేంద్రతనయ (పర్లాకిమిడి)

సభ్యులందరికీ నమస్కారం. పర్లాకిమిడిలో మా చెల్లెలూ నేనూ కలిసి ఆడవారికి మాత్రమే నూనె మర్దన చేసే చిన్న కేంద్రం నడుపుతున్నాము. పురుడు అయినవారు, మోకాళ్ళ నొప్పులతో ఇబ్బంది పడే పెద్దవారు, రోజంతా కుట్టుమిషను మీద వంగి పనిచేయడం వల్ల మెడ పట్టేసినవారు మా దగ్గరకు వస్తుంటారు. వీరిలో తెలుగువారూ ఉన్నారు, ఒడియావారూ ఉన్నారు. నది దాటి పాతపట్నం వైపు నుంచి వచ్చేవారూ ఉన్నారు. నువ్వుల నూనె కావాలని ఒకరు, ఆవనూనె అయితేనే ఒంటికి పడుతుందని ఇంకొకరు అడుగుతారు. అది అలవాటైన విషయమే కాబట్టి రెండూ వెచ్చబెట్టి ఉంచుతాము. చిక్కు వస్తున్నదల్లా పాటల దగ్గరే.

ఫోనులో దొరికే విశ్రాంతి సంగీతం, అంటే వేణువుతో పాటు సెలయేటి చప్పుడు కలిపినది, మొదట్లో అందరికీ అదే పెట్టేవాళ్ళము. ఆ నీళ్ళ చప్పుడు వింటుంటే మర్దన మధ్యలో లేవవలసి వస్తోందని ఒక పెద్దావిడ మొహమాటపడుతూనే చెప్పారు. పాత సినిమా పాటలు పెట్టమని కొందరు అడుగుతారు, పెట్టగానే ఆ సినిమా గురించి మాటలు మొదలవుతాయి. భక్తి పాటలు లేకపోతే మనసు నిలవదని ఒకరంటే, ఒంటి మీద బట్ట సరిగా లేని వేళ దేవుడి పాట వినిపించడం అపచారమని మరొకరు అంటారు. ఏమీ పెట్టకపోతే వీధిలోని హారన్లు, పక్కింటి టీవీ వినిపిస్తాయి.

అసలు మర్దనకు సంగీతం తోడైతే శరీరానికి నిజంగా మేలు జరుగుతుందా, లేక అది గదికి వేసే అలంకారం మాత్రమేనా? పెట్టవలసి వస్తే ఎలాంటిది, ఎంత శబ్దంతో, ఎంతసేపు పెట్టాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: రుషికుల్య తీరం (బరంపురం)

నమస్కారం అమ్మా. నేను చాలాకాలం ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి ఇప్పుడు విశ్రాంత జీవితం గడుపుతున్నాను. మీ ప్రశ్నలో మొదటి భాగానికే ఎక్కువ జవాబు చెబుతాను, ఎందుకంటే అది తేలితే తక్కినవి మీకే తోస్తాయి.

సంగీతం వెళ్ళి కండరాన్ని వదులు చేయదు. అది ముందుగా అందుకునేది ఊపిరిని. పాట నడక వేగంగా ఉంటే మనకు తెలియకుండానే శ్వాస వేగం పెరుగుతుంది, దానితో పాటు గుండె వేగమూ రక్తపోటూ కొంత పెరుగుతాయి. నడక నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తాయి. ఇటలీకి చెందిన లూచియానో బెర్నార్డి బృందం 2006లో ‘హార్ట్’ అనే వైద్య పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో చాలా ప్రసిద్ధమైనది. సంగీతం నేర్చినవారు 12 మందికీ, నేర్వనివారు 12 మందికీ ఆరు రకాల సంగీతం వినిపించి, శ్వాసనూ గుండెనూ రక్తపోటునూ కొలిచారు. ఆ ఆరింటిలో మన సితారు మీద వాయించిన నిదానమైన రాగం కూడా ఒకటి. విన్నవారికి ఆ సంగీతం ఇష్టమా కాదా అన్నదాని కంటే, దాని నడక వేగమే శరీరాన్ని ఎక్కువగా ప్రభావితం చేసిందని తేలింది.

అయితే ఆ పరిశోధనలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచినది వేరే ఉంది. పాటల మధ్యలో వారు ఒకచోట రెండు నిమిషాల నిశ్శబ్దం ఉంచారు. శ్వాస, గుండె వేగం, రక్తపోటు అన్నిటికంటే బాగా దిగినది ఆ రెండు నిమిషాలలోనే. సంగీతం మొదలు కాకముందు విశ్రాంతిగా కూర్చున్నప్పటి స్థాయి కంటే కూడా దిగువకు వచ్చాయి. అంటే సంగీతం మనసును ఒకచోట నిలిపి, తరువాత అది ఆగినప్పుడు శరీరం పూర్తిగా వదిలేస్తున్నదన్న మాట. మర్దన కేంద్రాలలో తలుపు తీసిన దగ్గర నుంచి మూసేదాకా పాట ఆగకుండా మోగించడం ఈ కారణం చేతనే నాకు సరైనదిగా తోచదు.

భక్తి పాటల గురించి అడిగారు గనుక ఇంకొక మాట. అదే బెర్నార్డి బృందం 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో మరొక పరిశీలనను ప్రచురించింది. లాటిన్ భాషలో జపమాల ప్రార్థన చదివినా, యోగ మంత్రం జపించినా, శ్వాస నిమిషానికి సుమారు ఆరుసార్లకు తగ్గి గుండె లయ కుదుటపడుతున్నదని అందులో తేలింది. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తాము. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఆ మేలు జరిగింది జపం చేసినవారికి. పక్కన పెట్టె మోగుతుంటే పడుకుని ఉన్నవారికి కాదు. మీ దగ్గరకు వచ్చేవారు లోలోపల నామం చెప్పుకుంటామంటే, పాట పెట్టకుండా వారిని వారి మానాన వదిలేయడమే మంచిది. అపచారం అనుకునేవారికీ అప్పుడు ఇబ్బంది ఉండదు.

ఇక రెండవ సంగతి, చాలామంది పట్టించుకోనిది: గదిలో మోగే పాటను ముందుగా అనుసరించేది పడుకున్నవారి శరీరం కాదు, మర్దన చేసేవారి చెయ్యి. హుషారు పాట మోగుతుంటే చెయ్యి దానితో పాటు పరుగెత్తుతుంది. మన చర్మంలో, ముఖ్యంగా రోమాలు ఉండే భాగాలలో, మెల్లని స్పర్శకు మాత్రమే బాగా స్పందించే సన్నని నరాలు ఉన్నాయి. స్పర్శ చర్మం మీద సెకనుకు 1 నుంచి 10 సెంటీమీటర్ల వేగంతో జరిగినప్పుడే అవి బాగా పలుకుతాయనీ, ఆ వేగంలోని స్పర్శనే మనుషులు హాయిగా ఉన్నదని చెబుతారనీ స్వీడన్ పరిశోధకులు 2009లో చూపించారు. మెడ నుంచి నడుము దాకా సుమారు అర మీటరు అనుకుంటే, ఒక్క పామడానికి కనీసం అయిదు సెకన్లు, వీలైతే పది సెకన్లు పట్టాలి. మీరు పెట్టే పాట మీ చెయ్యిని అంత నిదానంగా నడవనిస్తుందా అని చూసుకోండి. నడవనివ్వకపోతే అది ఎంత మంచి పాటయినా ఆ గదికి పనికిరాదు.

సంగీతం వల్ల మేలు ఉన్నదా అన్న దానిపై ఆసుపత్రుల ఆధారాలు గట్టివే. శస్త్రచికిత్స అయినవారిపై జరిగిన 70కి పైగా పరీక్షలను కలిపి 2015లో లాన్సెట్ పత్రిక ప్రచురించిన సమీక్ష ప్రకారం, సంగీతం విన్నవారికి నొప్పి, ఆందోళన, నొప్పి మందుల అవసరం తగ్గాయి. అలాగని మోకాలి కీలు అరిగినవారికి పాట వల్ల కీలు బాగుపడదు. నొప్పిని భరించే తీరు మారుతుంది, అంతే. అంతకు మించి చెప్పేవారిని దూరం పెట్టండి.

జవాబు: నాగావళి (రాయగడ)

పైన పెద్దలు చెప్పినది చదివి సంతోషించాను. నేను విజయనగరం సంగీత కళాశాలలో చదువుకుని రాయగడలో పిల్లలకు సంగీతం చెబుతున్నాను. వైద్యం నాకు తెలియదు కాబట్టి సంగీతం వరకే చెబుతాను.

ఫలానా రాగం రక్తపోటుకు, ఫలానా రాగం మధుమేహానికి అని పట్టికలు వేసి ఫోన్లలో పంపుతుంటారు. అలాగే స్వరాన్ని 440 హెర్ట్జ్‌కు బదులు 432 దగ్గర నిలిపితే శరీర కణాలు బాగుపడతాయని ప్రచారం చేస్తారు. మన సంగీతంలో శ్రుతి, అంటే ఆధార స్వరం, పాడేవారి గొంతును బట్టి ఒకటో శ్రుతి నుంచి ఆరో శ్రుతి దాకా ఎక్కడైనా ఉండవచ్చు. మన తాతలెవరూ 440 దగ్గరా పాడలేదు, 432 దగ్గరా పాడలేదు. ఇలాంటి వాటిని పట్టించుకోకండి.

నీలాంబరి నిద్ర పుచ్చుతుందన్న మాటలో మాత్రం కొంత నిజం ఉంది, కానీ అది స్వరాల మహిమ కంటే అలవాటు మహిమ అని నా అభిప్రాయం. 29వ మేళకర్త (జనక రాగం) అయిన ధీరశంకరాభరణంలో పుట్టిన ఆ రాగాన్ని మనవారు తరతరాలుగా జోలపాటలకూ లాలిపాటలకూ వాడారు. చిన్నతనంలో ఒళ్ళో పడుకుని విన్న నడక పెద్దయ్యాక వినిపిస్తే శరీరానికి గుర్తుకు వస్తుంది. జోల విని పెరగని వారికి అదే నీలాంబరి ఒక మంచి రాగం మాత్రమే. అందుకని ఏ రాగం పెట్టాలని నన్ను అడిగితే, మీ దగ్గరకు వచ్చినావిడ చిన్నప్పుడు ఏమి విన్నదో కనుక్కోమంటాను. ఒడియా ఇంట్లో పుట్టినావిడకు నీలాంబరి కంటే సాయంకాలం ఇంట్లో వినిపించిన జగన్నాథ భజన బాణీ దగ్గరగా ఉండవచ్చు.

రాత్రివేళ దేవుడిని పవళింపజేయడానికి కూడా మన రెండు వైపులా సంగీతమే వాడుతున్నారు. తిరుమలలో ఏకాంత సేవ వేళ అన్నమయ్య లాలి పాడతారు. పూరీలో రాత్రి బడా సింగారం వేళ జయదేవుని గీతగోవిందం పాడతారు. రెండు చోట్లా వినవలసినది దాని నిదానం. విశ్రాంతికి పాట తోడు కావాలన్న ఆలోచన మనకు నిన్న మొన్న పట్టణాలలోని మర్దన కేంద్రాల నుంచి వచ్చినది కాదు.

కానీ మర్దన అనగానే మెత్తని పాటే అనుకోవడం కూడా పొరపాటే. మన పెళ్ళిళ్ళలో నలుగు పెట్టేటప్పుడు ముత్తయిదువలు పాడే పాటలు చూడండి. నూనె రాసి, సున్నిపిండి రుద్ది, పసుపు పూస్తూ పాడే ఆ పాటలలో ఎకసెక్కాలూ వరసైన వారి మీద విసుర్లూ ఉంటాయి, నడక చురుకుగా ఉంటుంది. మా రాయగడలోని ఒడియా ఇళ్ళలోనూ పసుపు పెట్టేటప్పుడు ఆడవారు హుళుహుళి (నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని) చేస్తారు. అక్కడి మర్దన నిద్రపుచ్చడానికి కాదు, పెళ్ళికూతురిని ఉత్సాహపరచడానికి. కాబట్టి మీ దగ్గరకు ఉదయం వచ్చి, మర్దన అయ్యాక పనికి వెళ్ళవలసిన వారికి ఒక తీరు పాట, రాత్రి నిద్ర పట్టడం లేదని సాయంత్రం వచ్చేవారికి ఇంకొక తీరు పాట ఉండవచ్చు. అందరికీ నిదానమే మందు అనడం నాకు సమ్మతం కాదు. ఈ ఒక్క విషయంలో పై వారితో విభేదిస్తున్నాను.

వాడుకకు వస్తే, కచేరీ మొత్తం పెట్టవద్దు. కచేరీలో ఆలాపన తరువాత కృతి, స్వరకల్పన, ఆపై మృదంగం తనియావర్తనం వస్తాయి. నిద్రలోకి జారుతున్నావిడ ఆ దెబ్బలకు ఉలిక్కిపడుతుంది. తాళం లేని ఆలాపన ఒక్కటే విడిగా ఉన్న రికార్డింగులు ఎంచుకోండి. వీణ, వేణువు, వయోలిన్ ఏదయినా సరే. తంబూరా నాదం ఒక్కటే పెట్టినా చాలు, అది వీధి చప్పుళ్ళను కొంత కప్పుతుంది కూడా. నాదస్వరం మంగళ వాద్యమే అయినా మూసిన గదిలో ఒద్దు. చిన్న ఫోను స్పీకరులో మంద్ర స్వరాలు వినిపించవు, పై స్వరాలు మాత్రం గీసినట్టు వినిపిస్తాయి. ఓ మోస్తరు స్పీకరు కొని పడుకున్నవారి తలకు దూరంగా, కాళ్ళ వైపు గోడకు పెట్టండి.

జవాబు: వంశధార ఒడ్డు (గుణుపురం)

మా అత్తగారు చుట్టుపక్కల ఇళ్ళలో బాలింతలకు ఒళ్ళు పట్టి, పసిపిల్లలకు నీళ్ళు పోసేవారు. కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, వీపుకు నూనె రాస్తూ ఏదో ఒకటి పాడుతూనే ఉండేవారు. అది పూర్తి పాట కాదు, నాలుగు ముక్కలు తిప్పి తిప్పి అనడమే. బిడ్డ బిగుసుకుంటే పాట సాగదీసేవారు, బిడ్డ నవ్వితే పాటలో బిడ్డ పేరు వచ్చేది. కీళ్ళ దగ్గర చెయ్యి వేసేటప్పుడు పూర్తిగా ఆపి, బిడ్డ ముఖం చూసేవారు.

రికార్డు పాటకు ఆ పడుకున్న మనిషి కనిపించదు. అది తన దారిన తాను పోతుంది. మీ అక్కచెల్లెళ్ళలో ఎవరికైనా కూనిరాగం తీసే అలవాటు ఉంటే, స్పీకరు కంటే ముందు దానిని ప్రయత్నించమని నా మనవి. గొంతు బాగుండనక్కరలేదు. కూనిరాగం తీసేవారు తమ ఊపిరిని కూడా పొడుగ్గా వదులుతారు, చెయ్యి కూడా దానితోనే నడుస్తుంది.

జవాబు: చిలికా గాలి (బరంపురం)

విషయానికి కొంచెం పక్కదే అయినా, వ్యాపారం చేస్తున్నవారు గనుక చెప్పవలసి ఉంది. నేను న్యాయవాది దగ్గర గుమాస్తాను. డబ్బు తీసుకుని సేవ చేసే చోట రికార్డు పాటలు వినిపించడం, 1957 నాటి కాపీరైట్ చట్టం దృష్టిలో ఇంట్లో విన్నట్టు కాదు. దానికి హక్కుదారుల అనుమతి ఉండాలి. ఫోనులో నెలకు ఇంత అని కట్టే చందా సాధారణంగా సొంత వినోదానికి మాత్రమే ఇచ్చేది. పెళ్ళి వేడుకలకు, మతపరమైన కార్యక్రమాలకు చట్టంలో మినహాయింపు ఉంది, మర్దన కేంద్రానికి అది వర్తించదు.

సౌండ్ రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు ఉంటుంది. పాట రాసినవారికి, స్వరపరచినవారికి ఉన్న హక్కు వారు మరణించిన తరువాత మరో 60 ఏళ్ళు కొనసాగుతుంది. కాబట్టి పాత సినిమా పాట అనగానే స్వేచ్ఛగా వాడుకోవచ్చని అనుకోకండి. తంబూరా నాదం మీరే రికార్డు చేసుకున్నా, తెలిసిన విద్వాంసుల చేత గంటసేపు ఆలాపన వాయింపించుకుని, రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నా ఈ బెడద ఉండదు. పారితోషికం ఇస్తే నాగావళి గారి వంటి వారే ఆ పని చేసిపెట్టగలరు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ కృతజ్ఞతలు. అనుమతి సంగతి మాకు ఇంతవరకు తెలియనే తెలియదు. మీ మాటలు చదివాక నాకు ఒకటి గుర్తుకు వచ్చింది. తెలుగు తెలియని ఒడియా స్త్రీలు తెలుగు పాట వింటూ త్వరగా నిద్రపోవడం, అదే పాటకు తెలుగువారు పదాలు కలుపుతూ మెలకువగా ఉండడం నేను తరచూ గమనించాను. మాట అర్థమైతే మనసు దాని వెంట పోతుందని అనుకుంటున్నాను. తంబూరా నాదం సలహా మా ఇద్దరికీ నచ్చింది. మా చెల్లెలికి కూనిరాగం అలవాటే, నేను ఇన్నాళ్ళూ వద్దని వారిస్తున్నాను, ఇక వారించను.

ఇంకా మూడు సందేహాలు ఉన్నాయి. శబ్దం ఎంత ఉండాలో కొలత చెప్పగలరా? రుషికుల్య తీరం గారు చెప్పిన నిశ్శబ్దాన్ని మర్దనలో ఎక్కడ ఉంచాలి? మరొకటి, ఒక పాట వినగానే ఒకావిడ కన్నీళ్ళు పెట్టుకున్నారు. పోయిన భర్తకు అది ఇష్టమైన పాటట. అలాంటప్పుడు ఏమి చేయాలి?

జవాబు: రుషికుల్య తీరం (బరంపురం)

ముందుగా నాగావళి గారి అభ్యంతరం గురించి. ఉదయం పనికి వెళ్ళేవారి విషయంలో ఆయన మాట ఒప్పుకుంటాను. నేను రోగులను దృష్టిలో పెట్టుకుని రాశాను.

శబ్దం విషయంలో, మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ళు ఉంటుంది. ఆసుపత్రి వార్డులో రాత్రివేళ 30 డెసిబెళ్ళు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. వీధి పక్కన ఉన్న మీ గదిలో అది సాధ్యం కాదు. ఆ రెండింటి నడుమ, మీరు గొంతు తగ్గించి “నొప్పిగా ఉందా అమ్మా?” అని అడిగితే ఆవిడకు స్పష్టంగా వినిపించేటంత ఉంచండి. ఒత్తిడి ఎక్కువైందని ఆవిడ చెప్పే మాట మీకు వినిపించాలి గనుక చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు వద్దు. బాలింత పక్కన బిడ్డ పడుకుని ఉంటే మరీ జాగ్రత్త. పసిపిల్లల ప్రత్యేక వార్డులలో శబ్దం 45 డెసిబెళ్ళు దాటకుండా చూడాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 1997లోనే చెప్పింది. బిడ్డ తల దగ్గర ఫోను పెట్టి పాట మోగించడం ఆ లెక్కన తప్పు.

నిశ్శబ్దాన్ని రెండు చోట్ల ఉంచండి. వీపు మర్దన పూర్తయి, ఆవిడను వెల్లకిలా తిరగమని చెప్పే ముందు ఒకసారి నాదాన్ని మెల్లగా తగ్గించి ఆపి, అరచేతులు కదపకుండా నడుము మీద ఉంచి రెండు నిమిషాలు ఆగండి. చివర మరోసారి అలాగే చేయండి. ఒక్కసారిగా టక్కున ఆపితే ఏదో అయిందని కళ్ళు తెరుస్తారు, కాబట్టి దించుతూ ఆపాలి. ఫోనులో ప్రకటనలు మధ్యలో వచ్చేటట్టు ఉంటే ఈ శ్రమంతా వృథా.

కన్నీళ్ళ గురించి కంగారు పడవలసినది లేదు. చెయ్యి తీసివేయవద్దు, ప్రశ్నలు వేయవద్దు. పాట ఆపనా, ఉంచనా అని ఒక్క మాట అడిగి, ఆవిడ చెప్పినట్టు చేయండి. కొందరు ఉంచమనే అంటారు. మొదటిసారి వచ్చినవారికి నూనె గురించి అడిగేటప్పుడే, వినకూడదనుకునే పాట ఏదైనా ఉన్నదా అని కూడా అడిగి పుస్తకంలో రాసుకోండి.

చివరి నిశ్శబ్దం తరువాత వెంటనే లేవనివ్వవద్దు. చాలాసేపు పడుకుని శరీరం బాగా వదులైనవారికి, ముఖ్యంగా రక్తపోటు మాత్రలు వేసుకునే పెద్దవారికి, ఒక్కసారి లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. నేల మీద నూనె చుక్కలు ఉంటే పడిపోయే ప్రమాదం కూడా ఉంది. పేరు పెట్టి మెల్లగా పిలిచి, పక్కకు తిరగమని చెప్పి, కాళ్ళు కిందికి వేలాడదీసి కాసేపు కూర్చోబెట్టి, అప్పుడు చెయ్యి పట్టుకుని లేపండి. ఆ సమయంలో మళ్ళీ పాట పెట్టవద్దు.